పరిగె

టవర్ క్లాక్ కాడ బస్సు దిగేసరికి ఏడున్నర.
హనుమక్క నా మణికట్టు వదల్లేదు,
సంతలో కొన్న మేకపిల్ల తప్పిపోతాదన్నట్టు.
తలగుడ్డ కింద, ఎడమ చెవి పైన
లాడం మాదిరి కుట్లు.
గడ్డ తీసేసి ఆరు వారాలు.

"గడ్డ లేదు గదమ్మా, ఇంగ కరెంటేంటికి?" అన్నా.

డాక్టరమ్మ చిన్నపిల్ల.
పెన్ను మూతతో ఫిల్ములో నల్లగుంత చూపించింది.
"అదుండే చోటు ఇది. ఇప్పుడు ఖాళీ.
ఈ ఖాళీకే పెట్టేది.
గట్టెంబడి కంటికి కనపడనిది ఏదన్నా మిగిలుంటే..."
నాకర్థం కాలేదనుకొని
మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది.

నాకు చెప్పాల్నా ఆ మాట?
ఎనిమిదేండ్లప్పట్నుంచి పరిగెకు పోయినదాన్ని.
శెనక్కాయ చెట్టు పెరికి, వామి వేసి,
ఆసామి తుండుగుడ్డ దులుపుకుంటా అంటాడు
ఇంగేం లేదు, పోండి అని.
వంగి గెలికినోళ్ళకు తెలుస్తాది.
ఊడ తెగి మట్టిలో నిలిచిపోయిన కాయ
ఎండకు గమ్మునుంటాది.
ఒక్క పదునువాన పడనీ,
ఎవరూ ఇత్తని చోట లేచి నిలబడతాది.

అదే చెప్పినా.
ఆయమ్మి పెన్నుకు మూత పెట్టి
రోంతసేపు నన్నే చూసి
"అంతే మారెక్కా," అనింది. "అంతే."

మొదట మొగానికి అచ్చు తీసినారు.
తెల్లట్ట ఒకటి ఉడుకునీళ్ళలో ముంచి
తడిగుడ్డ మాదిరి మీద పరిచినారు.
చల్లారేకొద్దీ బిగిసింది.
నా ముక్కు దానికొచ్చింది, నా గడ్డం దానికొచ్చింది,
చిన్నప్పుడు గడప తగిలిన కనుబొమ మీది సొట్ట కూడా.
ఒంటినిండా బొక్కలే, జల్లెడ.
దాన్ని బల్లకు బిగించి
ఎంట్రుకంత కూడా కదలద్దన్నారు.
కదల్లేదు.
జల్లెడ కింద పడినదాన్నో పైన మిగిలినదాన్నో
తెలీక పడుకున్నా.

మిషను నా చుట్టూ తిరుగుతాది
కొండ మీది గాలిమర ఒకటి ఇంట్లోకొచ్చినట్టు.
నొప్పి లేదు. వేడి లేదు.
బ్లీచింగ్ పొడి వాసన మాత్రం వస్తాది,
ఆ రూములో చల్లేది కాదంట, నాకొక్కదానికేనంట.
అన్ని దిక్కుల నుంచీ సన్నటి వెలుతురు,
ఏ ఒక్కటీ ఒంటిగా పెద్దగా ఏమీ చెయ్యదంట,
అన్నీ ఒకచోట కలిస్తేనే పని.
సాలుకొకరు వంగి వచ్చి
చేను నడుమ కలుసుకునే కూలోళ్ళే గదా, అనుకున్నా.

గడ్డ పోతా పోతా కొన్ని మాటలు ఎత్తుకపోయింది.
ఉన్నవాటిని బల్ల మీద లోపల్లోపల లెక్కబెట్టుకున్నా.
గంప. కొడవలి. మోకు. ముల్లుగర్ర.
ఇంగొకటుంది, బియ్యం చెరిగేది.
అది అడగబోతే నోట్లోంచి "హనుమక్కా" అని వస్తాది.
ఆమె "ఆఁ" అంటాది.
తర్వాత లేచిపోయి దాన్ని తెచ్చిస్తాది.

అయిదు దినాలు, అయిదు బస్సులు.
పరిగెలో దొరికింది ఏరుకున్నోళ్ళదే, ఆసామిది కాదు.
ఒడి నిండాలనే పోతాము ఎవరమైనా.
ఒట్టి ఒడితో ఇంటికి రావాలని మొక్కుకున్నది
నా పుటకలో ఇదే తొలిసారి.

కడా దినం అచ్చు నాకే ఇచ్చేసినారు.
నవ్వుకుంటా తెచ్చుకున్నా.
ఇప్పుడది పెరుగుదుత్త మీద మూత.
పిల్లికి దడుపు.
రాత్రి నీళ్ళకు లేచిన మా ఆయన చౌడప్పకు
పిల్లి కంటే ఎక్కువ దడుపు.

మూడు నెలలకు మళ్ళా ఫిల్ము తీస్తారు.
అంతదాకా ఎవరికీ తెలీదు,
డాక్టరమ్మకు కూడా.

ఈ పొద్దు కూడేరు పక్క మబ్బు పట్టింది.
మా ఊర్లో వాన కోసం చూడనోళ్ళు లేరు.
నేనూ గడపలో కూచోని చూస్తాండా.
తొలిచినుకు తలగుడ్డ మీద పడితే
చెయ్యి దానంతటదే
ఎడమ చెవి పైకి పోయింది.